చిన్నమామగారి దగ్గు దగ్గే చిలుక

ప్రశ్న: మాది కావలి. చెన్నైలో ఉండే మా చిన్నమామగారు కిందటేడు ఊపిరితిత్తుల జబ్బుతో పోయారు. చిన్నత్తగారు కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ, ఆయన ఇరవై ఏళ్ళకు పైగా పెంచుకున్న ఆఫ్రికన్ గ్రే చిలుకను మాకు అప్పగించారు. వచ్చి నాలుగు నెలలైంది. చీకటితోనే లేచి అచ్చం ఆయన దగ్గినట్టే దగ్గుతుంది. ఆ వెంటనే ఇనుము కీచుమన్నట్టు, నీళ్ళు పడినట్టు చప్పుళ్ళు చేస్తుంది. చీపురు కనబడితే గుర్రుమంటుంది. పడుకునే ముందు ముక్కు కరకరలాడిస్తుంది. మా పెద్దపాపను చూస్తే తల ఊపుతూ తిన్నది కక్కుతుంది. సాయంత్రమైతే చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. ఈ మధ్య రొమ్ము మీది ఈకలు పీక్కుంటోంది. ఆయన పెట్టినట్టే పొద్దుతిరుగుడు గింజలు, వేరుశనగపప్పు, పొద్దున టీలో ముంచిన బిస్కెట్ పెడుతున్నాము. పోయినవాళ్ళ దగ్గు ఇంట్లో వినబడటం మంచిది కాదని మా అత్తగారు బాధపడుతున్నారు. ఇది జబ్బా, బెంగా? ఎవరికైనా ఇచ్చేయమంటారా?
— ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: మీరు రాసిన చప్పుళ్ళన్నీ ఒక కోవకు చెందినవి కావు. కొన్ని ఆ చిలుక పాత ఇంట్లో నేర్చుకుని వచ్చినవి, కొన్ని చిలుకలన్నింటికీ పుట్టుకతో వచ్చే సంజ్ఞలు, ఒకటి రెండు మాత్రం ఒంట్లో తేడా ఉండి వస్తున్నవి కావచ్చు. వీటిని విడదీయడానికి చెవి ఒక్కటే చాలదు. చప్పుడు వస్తున్న క్షణంలో చిలుక ఒంటిని, ముఖ్యంగా దాని తోకను, చూడాలి. మీ ఉత్తరంలో ఎన్నో వివరాలు ఉన్నాయి కాని ఆ ఒక్క వివరం లేదు; అందుచేత జబ్బా బెంగా అన్న ప్రశ్నకు ఇక్కడి నుంచి ఒక్క మాటలో జవాబు చెప్పలేను, మీరే తేల్చుకునే దారి మాత్రం చెప్పగలను.

ముందు దగ్గు సంగతి. చిలుకకు మనకున్నట్టు స్వరతంత్రులు ఉండవు. శ్వాసనాళం రెండుగా చీలే చోట, రొమ్ము లోపల, దాని స్వరపేటిక ఉంటుంది. దానితోనే మనిషి మాటను, తలుపు కీచును, కుళాయి ధారను ఒకే తేలికతో పలుకుతుంది, అందులోనూ ఆఫ్రికన్ గ్రే జాతిది అందెవేసిన చెయ్యి. అడవిలో చిలుకలు గుంపులో మిగిలినవాటి కూతలను నేర్చుకుంటాయి, ఆ కూతలతోనే ఒకదానినొకటి గుర్తుపట్టుకుని కలిసి తిరుగుతాయి. ఇంట్లో పెరిగిన చిలుకకు ఇంటివాళ్ళే గుంపు కనుక, తనకు ఇష్టమైన మనిషి చుట్టూ రోజూ ఏ వేళకు ఏ చప్పుడు వినబడిందో దానిని ఆ వేళకే పలుకుతుంది. అమెరికాలో ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞురాలు 1977లో కొన్న అలెక్స్ అనే ఆఫ్రికన్ గ్రే, 2007లో 31 ఏళ్ళ వయసులో చనిపోయేనాటికి రంగులను, ఆకారాలను, ఆరు వరకు అంకెలను సందర్భం తెలిసి చెప్పగలిగేది. ప్రతి చిలుకా అలెక్స్ కాదు కాని, వేళను బట్టి, మనిషిని బట్టి చప్పుడును ఎంచుకోవడం ఈ జాతిలో మామూలే. మీరు రాసిన వరుసను ఒకసారి మళ్ళీ చూడండి: చీకటితోనే దగ్గు, ఆ వెంటనే ఇనుప కీచు, ఆపైన నీళ్ళ చప్పుడు. ఒక పెద్దాయన నిద్ర లేచి, దగ్గి, గొళ్ళెం తీసి, బకెట్ కింద కుళాయి తిప్పిన వరుస అదేనని నా ఊహ.

ఊహను ఊహగా వదిలేయనక్కరలేదు. చిలుక చేసే ప్రతి చప్పుడునూ ఫోన్‌లో విడివిడిగా రికార్డు చేసి మీ చిన్నత్తగారికి వినిపించండి. ఆ ఇంట్లో అన్నేళ్ళు కాపురం చేసిన మనిషి కనుక, ఇది ఫలానా తలుపు, ఇది మేడమీది మోటారు, ఇది పక్కింటి కుక్కర్ అని ఇట్టే చెప్పేస్తారు. ఆమె గుర్తుపట్టిన వాటిని పక్కన పెట్టండి. ఆమెకూ అంతుపట్టనివి రెండు రకాలు: మీ ఊళ్ళో కొత్తగా నేర్చుకున్నవి, ఒంట్లోంచి వచ్చేవి. మీ ఇల్లు రైలు కట్టకు దగ్గరగా ఉన్నా, రొయ్యల చెరువుల ఏరేటర్ల మోత రాత్రిళ్ళు వినబడే పక్కన ఉన్నా, ఆ చప్పుళ్ళు కూడా ఈ నాలుగు నెలల్లో దాని జాబితాలో చేరి ఉండవచ్చు.

అయితే ఊపిరికి సంబంధించిన చప్పుడు విషయంలో చిన్నత్తగారి సాక్ష్యం సరిపోదు. ఆయన జబ్బుతో ఉన్న రోజుల్లో దగ్గునూ, పిల్లికూతనూ చిలుక నేర్చుకుని ఉంటుంది, నిజమే; కాని నేర్చుకున్న దగ్గు చాటున అసలు జబ్బు దాగే వీలు కూడా ఉంది. తేడా ఇలా తెలుస్తుంది. నేర్చుకున్న దగ్గు ప్రతిసారీ ఒకే తీరుగా, ఒకే నిడివితో ఉంటుంది. అది అయిపోయాక చిలుక ఒళ్ళు విదిలించుకుని తన పనిలో పడుతుంది. జబ్బు చప్పుడు ఊపిరిని అంటిపెట్టుకుని వస్తుంది: ప్రతి శ్వాసకూ సన్నటి టిక్కుమనే శబ్దం గాని, గురక గాని వినబడుతుంది, నోరు తెరిచి ఊపిరి తీస్తుంది, కదలకుండా కూర్చున్నప్పుడు కూడా తోక ఊపిరితో పాటు చేతిపంపు పిడిలాగా పైకీ కిందికీ ఆడుతుంది. ముక్కు రంధ్రాల దగ్గర తడి, పైనున్న చిన్న ఈకలు అంటుకుపోయి ఉండటం, అంతకు ముందు స్పష్టంగా పలికిన మాట బొంగురుపోవడం కూడా ఆ కోవలోవే. ఇందులో మీరు జాగ్రత్తగా ఉండవలసిన సంగతి ఒకటుంది. చిలుక వేటకు గురయ్యే పక్షి కనుక ఎవరైనా చూస్తున్నారని తెలిస్తే నీరసాన్ని దాచుకుంటుంది. మీరు ఎదుట నిలబడితే నిటారుగా, చురుగ్గా కనబడుతుంది. ఫోన్‌ను పంజరానికి ఎదురుగా నిలబెట్టి, వీడియో పెట్టి, మీరు గదిలోంచి వెళ్ళిపోండి. ఎవరూ లేని పావుగంటలో తోక ఎలా ఉందో, ఈకలు ఉబ్బించుకుని ముడుచుకు కూర్చుంటోందో లేదో చూడండి.

దీనితో పాటు రోజూ ఉదయం మేత పెట్టకముందు వంటింటి త్రాసులో దానిని తూచి కాగితం మీద రాసుకోండి. త్రాసు మీద ఒక కర్రముక్క కట్టి, దాని మీద ఎక్కడం అలవాటు చేస్తే రెండు మూడు రోజుల్లో తానే ఎక్కుతుంది. ఈ జాతి పక్షులు చాలావరకు 400 నుంచి 550 గ్రాముల మధ్య ఉంటాయి; మీ చిలుక అసలు బరువెంత అన్నదాని కంటే, అది ఎంత తగ్గుతోంది అన్నది ముఖ్యం. పదింట ఒక వంతు తగ్గిందంటే పైకి ఎంత హుషారుగా ఉన్నా డాక్టరుకు చూపించవలసిందే. ఈకల చాటున రొమ్ము ఎముక కత్తి అంచులా తేలిపోతున్నా కంటికి తెలియదు, త్రాసుకు తెలుస్తుంది.

ఊపిరి జబ్బుల్లో ఈ చిలుకలను ఎక్కువగా పట్టుకునేది ఆస్పర్‌జిల్లస్ అనే బూజు. బూజుపట్టిన వేరుశనగకాయ పొట్టులోంచి, తేమ ఎక్కిన గింజల్లోంచి అది గాలితో లోపలికి పోతుంది. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల వానలకు డబ్బాలో పోసిన గింజలు సైతం మెత్తబడతాయి. ఆ మూడు నెలలూ మేతను కొద్దికొద్దిగా తెచ్చుకోండి, పొట్టుతో ఉన్న కాయలు అసలు పెట్టకండి. పంజరం ఉన్న గదిలో దోమల చుట్టలు, అగరొత్తులు, సాంబ్రాణి వెలిగించకూడదు. నాన్‌స్టిక్ పెనం ఎక్కువగా కాగి పొగలు వస్తే ఆ పొగకు పంజరంలోని పక్షి నిమిషాల్లో చనిపోగలదు, కనుక పంజరాన్ని వంటింటికి దూరంగా పెట్టండి.

మీ అత్తగారి బాధను తేలిగ్గా తీసేయవద్దు. ఆవిడకు వినబడేది చేతులారా అన్నం పెట్టి పెంచిన మరిది దగ్గు. చిలుక దగ్గిందని తెలిసినా గుండె ఝల్లుమంటుంది. ఆ దగ్గు మరణాన్ని పిలిచేది కాదని, అది ఆ పక్షి తన మనిషి కోసం తెల్లవారుజామున వేసే కేక అని నిదానంగా చెప్పి చూడండి. పంజరాన్ని ఆవిడ పడకకు దూరంగా మార్చి, తెల్లారేదాకా ముదురురంగు గుడ్డ కప్పి ఉంచితే సగం గొడవ తగ్గుతుంది. ఈ చిలుకలకు రోజుకు పది, పన్నెండు గంటల చీకటి నిద్ర ఎలాగూ కావాలి. మాన్పించాలని అరవడం, పంజరం మీద కొట్టడం పనికిరావు, అలా చేస్తే దగ్గగానే మనుషులు వస్తారని నేర్చుకుంటుంది. దగ్గినప్పుడు ఊరుకుని, వేరే ఏదైనా ఈల వేసినప్పుడో మాట పలికినప్పుడో వెంటనే వెళ్ళి పలకరిస్తే, నెలలు గడిచేకొద్దీ ఆ దగ్గు పలచబడుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం ఆశపెట్టుకోకండి.

ముక్కు కరకరలాడించడం గురించి ఆలోచించనే వద్దు. పై ముక్కు లోపలి గరుకుకు కింది ముక్కును రాస్తూ నిద్రకు ముందు చేసే చప్పుడు అది. కొత్త ఇంట్లో అది వినబడుతోందంటే ఆ వేళకు దానికి భయం లేదన్నమాట. గుర్రుమనడం అందుకు విరుద్ధం. వినడానికి కోపంలా ఉన్నా, ఆఫ్రికన్ గ్రే భయపడినప్పుడే గుర్రుమంటుంది. చీపురును దాని కళ్ళ ముందు ఒక్కసారిగా ఊపకుండా, ముందు గది అవతల కనబడేలా పెట్టి, రోజురోజుకూ దగ్గరకు తెస్తూ ఆ సమయంలో దానికి ఇష్టమైన పప్పు పలుకు ఒకటి ఇవ్వండి. ఈ వయసు పక్షి విషయంలో ఇంకొకటి కూడా చూడాలి: ఒక వైపు నుంచి వెళ్ళినప్పుడే ఎక్కువగా ఉలిక్కిపడుతుంటే ఆ కంట్లో శుక్లం వస్తోందేమో. పగటి వెలుతురులో కంటిపాపలో తెల్లటి మసక ఉందేమో గమనించండి, దగ్గరకు వెళ్ళే ముందు మాట్లాడుతూ వెళ్ళడం అలవాటు చేసుకోండి.

మీ పెద్దపాప ఎదుట కక్కడం వాంతి కాకపోవచ్చు. తల పైకీ కిందికీ ఊపుతూ, మెడ సాగదీస్తూ, ఒక్క మనిషి ముందే మేతను పైకి తెస్తే అది జతగాడికి తినిపించే ముద్ద. వాంతి అయితే ఎవరూ లేనప్పుడు కూడా వస్తుంది, తలను పక్కలకు విదిలిస్తుంది, జిగురు ముఖానికీ తల ఈకలకూ అంటుకుని ఉంటుంది. అలా కనబడితే ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. ముద్దే అయినా దానిని ప్రోత్సహించకూడదు. పాపను తల, మెడ మాత్రమే నిమరమనండి. వీపు, రెక్కల కింద నిమిరితే పక్షికి జతకట్టే కోరిక పుడుతుంది, ఆ చిరాకు తరువాత కరవడంలోకీ, ఈకలు పీక్కోవడంలోకీ దిగుతుంది. కంటిపాప చిన్నదీ పెద్దదీ అవుతూ తల వెనుక ఈకలు లేచాయంటే ఆ క్షణాన వేళ్ళు దూరంగా ఉంచాలని కూడా పాపకు నేర్పండి. ఈ జాతిలో ఆడ మగ తేడా పైకి చూసి నమ్మకంగా చెప్పలేము, డీఎన్ఏ పరీక్షే దారి. అది ఆడది అయితే తోడు లేకుండానే గుడ్డు పెట్టవచ్చు. ఎప్పుడైనా పంజరం అడుగున కూర్చుని, ముక్కుతూ, తోక ఆడిస్తూ కనబడితే గుడ్డు అడ్డం పడిందేమోనని అనుమానించి, తెల్లారేదాకా ఆగకుండా బయలుదేరండి.

సాయంత్రపు అరుపులు జబ్బు కాదు. చీకటి పడేముందు చిలుకలు గూటికి చేరుతూ ఒకరినొకరు పిలుచుకుంటాయి. మీ వాకిట్లో చెట్టు ఉంటే రామచిలుకల గోల కూడా ఆ వేళకే వినబడుతుంది. ఇంట్లో ఒకరి తరువాత ఒకరు వచ్చే సమయం కూడా అదే కనుక మీ చిలుక లెక్క చూసుకుంటోంది. ఆ వేళకు ముందే దానిని పంజరం బయటకు తీసి పావుగంట మీ దగ్గర కూర్చోబెట్టుకోండి (ఫ్యాను ఆపి మరీ), ఎండుటాకులో చుట్టిన శనగలో, కొబ్బరి మట్టలో దాచిన గింజలో ఇచ్చి పని కల్పించండి. మీరు వేరే గదిలో ఉండగా పిలిస్తే, ఒకే ఒక చిన్న ఈలతో బదులివ్వండి, ఎప్పుడూ అదే ఈల. కొన్నాళ్ళకు అది అరుపు మాని ఆ ఈలతోనే మిమ్మల్ని పిలవడం మొదలుపెడుతుంది.

ఇక ఈకలు. మీ ఉత్తరంలో నన్ను నిజంగా ఆలోచింపజేసినది ఇదే. మనిషిని, ఇంటిని, ఊరిని ఒక్కసారిగా పోగొట్టుకున్న చిలుక ఈకలు పీక్కోవడం సాధారణమే, ఆఫ్రికన్ గ్రేలలో మరీను. కాని బెంగ అని తేల్చుకునే ముందు ఒంటి కారణాలు లేవని రూఢి చేసుకోవాలి. మొదట తల చూడండి. తన తలను తన ముక్కుతో అందుకోలేదు కనుక, తల మీద ఈకలు నిండుగా ఉండి రొమ్ము మాత్రం బోడిగా ఉంటే పీక్కుంటోందని అర్థం. తల మీద కూడా ఊడుతుంటే అది వేరే జబ్బు, వైరస్ కూడా కావచ్చు. పీకిన చోట రక్తం, పుండు ఉన్నాయా, కొత్త ఈకల మొలకలు వస్తున్నాయా అన్నది ఫోటో తీసి వారానికొకసారి పోల్చండి. రెట్టను కూడా గమనించండి: అందులో గట్టి భాగం, తెల్లటి సున్నంలాంటి భాగం, నీళ్ళ భాగం విడివిడిగా ఉండాలి. ఆ తెలుపు పచ్చగానో పసుపుగానో మారితే కాలేయం మీద అనుమానం పెట్టుకోవాలి.

ఆ అనుమానానికి మీరు రాసిన మేతే సగం కారణం. పొద్దుతిరుగుడు గింజలూ వేరుశనగపప్పూ కొవ్వు ముద్దలు. ఏళ్ళ తరబడి అవే తిన్న చిలుకకు విటమిన్ ఏ చాలక చర్మం, ముక్కు లోపలి పొరలు పాడవుతాయి, కాల్షియం చాలక కొన్ని ఆఫ్రికన్ గ్రేలకు మూర్ఛలు సైతం వస్తాయి, వయసు మళ్ళేకొద్దీ రక్తనాళాల్లో కొవ్వు పేరుకుంటుంది. చిన్నమామగారు ప్రేమతో పెట్టినదే అయినా టీ బిస్కెట్‌ను రేపటి నుంచే ఆపేయండి, టీలోని కెఫీన్ పక్షి గుండెకు చేటు. మిగిలినది మాత్రం ఒక్కసారిగా మార్చకూడదు, తెలియని మేతను ముట్టక పస్తులుండి చచ్చిపోయే మొండితనం ఈ పక్షులకు ఉంది. గింజలను కొద్దికొద్దిగా తగ్గిస్తూ, ఉడికించిన గెనుసుగడ్డ, గుమ్మడి, క్యారెట్ తురుము, మునగాకు, మొలకెత్తిన పెసలు, జామ ముక్క కలుపుతూ పోండి. త్రాసు మీద బరువు నిలకడగా ఉన్నంత వరకే ముందుకు వెళ్ళండి. మీరు పాపకు తినిపిస్తూ దాని ఎదుటే ఒక ముక్క నోట్లో వేసుకుంటే, మనవాళ్ళు తింటున్నారు కదా అని తానూ రుచి చూస్తుంది. అవకాడో, చాక్లెట్, ఉల్లిపాయ, ఉప్పు వేసిన చిరుతిళ్ళు దరిచేరనీయకండి. కాల్షియం కోసం సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి లోపలి తెల్లటి పెంకు) మంచిది. తుమ్మలపెంట ఒడ్డున ఏరుకున్నదైతే కొన్నాళ్ళు నీళ్ళు మారుస్తూ నానబెట్టి, ఉప్పు పోగొట్టి, ఎండబెట్టి, గీకిన పొడిని కూర ముక్కల మీద చల్లండి. ఆ కాల్షియం ఒంటపట్టాలంటే ఎండ కావాలి, అదీ అద్దం అడ్డు లేని ఎండ. ఉదయం ఎనిమిది లోపు పంజరాన్ని వరండాలో సగం నీడలో పెట్టి మీరు పక్కనే ఉండండి. వేసవిలో రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి నోరు తెరిచి ఒగరుస్తుంటే వెంటనే లోపలికి తెచ్చి, కాళ్ళు తడిపి, నీళ్ళు పెట్టండి.

తోక ఆడటం గాని, బరువు తగ్గడం గాని లేకపోయినా, ఈకల కోసమూ, పాత మేత చేసిన నష్టం తెలుసుకోవడం కోసమూ ఒకసారి రక్తపరీక్ష చేయించడం మంచిది. మన దగ్గర పశువైద్యశాలల్లో డాక్టర్లు ఎక్కువగా చూసేది ఆవులను, గేదెలను, గొర్రెలను కనుక, పక్షులను చూస్తారా అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. తిరుపతి పశువైద్య కళాశాల, చెన్నై వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల మీకు రైలు దారిలోనే ఉన్నాయి. పంజరంతో కాకుండా గాలి రంధ్రాలున్న చిన్న పెట్టెలో, పైన పలచటి గుడ్డ కప్పి, చల్లటి వేళలో తీసుకువెళ్ళండి. చేత్తో పట్టుకోవలసి వస్తే రొమ్మును నొక్కకూడదు. పక్షి ఊపిరి రొమ్ము ఎముక కదిలితేనే ఆడుతుంది. మీ రికార్డులూ, బరువుల కాగితమూ వెంట ఉంటే డాక్టరుకు సగం పని తగ్గుతుంది.

మనుషుల మాట కూడా ఒకటి చెప్పాలి. చిలుకల రెట్ట దుమ్ములోంచి సిట్టకోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు మనుషులకు సోకి న్యుమోనియాగా మారగలదు. అది అరుదే, మందులకు లొంగేదే. కాని ఇంట్లో ఎవరికైనా జ్వరంతో పొడిదగ్గు తగ్గకుండా ఉంటే ఇంట్లో చిలుక ఉందని డాక్టరుకు తప్పకుండా చెప్పండి. పంజరం అడుగు కాగితాలను పొడిగా దులపకుండా నీళ్ళు చల్లి తీయండి. ఆఫ్రికన్ గ్రే ఒంటి నుంచి తెల్లటి పొడి కూడా రాలుతుంది. మీ అత్తగారికి ఆయాసం ఉంటే పంజరాన్ని దూరంగా పెట్టడానికి అది రెండో కారణం.

ఇచ్చేయమంటారా అని అడిగారు. ఇప్పుడే వద్దంటాను. పెంపకంలో 40 ఏళ్ళు దాటి బతికే పక్షికి నాలుగు నెలలు ఏమంత కాలం కాదు, మళ్ళీ మనుషులు మారితే ఈకల పని మొదటికి వస్తుంది. కాగితాల పని మాత్రం ఇప్పుడే చూడండి. ఆఫ్రికన్ గ్రే అంతర్జాతీయ వ్యాపారానికి కఠిన నిషేధమున్న జాబితాలో 2017 నుంచి ఉంది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024 ఫిబ్రవరిలో వెలువడిన నిబంధనల ప్రకారం అలాంటి జీవులు ఎవరి దగ్గర ఉన్నా కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ అనే వెబ్‌సైటులో నమోదు చేయాలి, ఒకరి నుంచి ఒకరికి చేతులు మారినా తెలియజేయాలి. చిన్నమామగారు నమోదు చేశారో లేదో చిన్నత్తగారిని అడిగి, ఆ కాగితాలు తెప్పించుకోండి. లేకపోతే నెల్లూరులోని అటవీశాఖ కార్యాలయానికి మీరే వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఏమి చేయాలో రాతపూర్వకంగా అడగండి. మన వైపు పంజరాల్లో కనబడే రామచిలుకల సంగతి వేరు, వాటిని పెంచుకోవడమే నేరం. తోడు కోసమని అలాంటిది ఒకటి కొని తెచ్చి దీని పక్కన పెట్టే ఆలోచన ఎవరైనా చెబితే వినకండి. అలా వచ్చిన పక్షి జబ్బులను మోసుకొస్తుంది, మీ చిలుకకు కావలసిన తోడు కూడా కాలేదు.